వెండి మూత

నేను ఒక నల్లని ఎబొనైటు పెన్నును. గంధకంతో ఉడికి గట్టిపడిన రబ్బరు కడ్డీగా రాజమండ్రిలోని ఒక ఇరుకు సందుకు చేరి, కొమ్మోజు వీరాచారి చేత్తో తిప్పే లేతు యంత్రం మీద తిరుగుతూ తిరుగుతూ రూపం పొందాను. ఆ తిరుగుడు నాకు నేటికీ కలలాగానే జ్ఞాపకం. నల్లని తురుము సన్నని తీగలుగా రాలిపోతుండగా, నాలో ఏది నేనో, ఏది కాదో చారి వేళ్లే నిర్ణయించాయి.

చారిది ఒక పట్టుదల. కొనవచ్చిన వారిచేత ముందుగా వారి పేరు రాయించి, కాగితాన్ని కాక చేతిని చూసేవాడు. చెక్కడం ముగిశాక, తోకకు మూత తగిలించి, పెన్నును చాచిన చూపుడువేలిపై అడ్డంగా పడుకోబెట్టేవాడు. అటూ ఇటూ ఒరగక నిలిస్తేనే దానికి పాళీ యోగం. నేను ఆ వేలిపై నీటిమీది ఆకులా నిలిచాను.

నన్ను చేయించుకున్నవారు ఇంగ్లీషు అధ్యాపకులు దువ్వూరి సోమశేఖర శాస్త్రిగారు. వాక్యంలో కామా తప్పితే వారికి ఆ పూట అన్నం సయించేది కాదు. మూతను బల్లపై పడవేసి రాసేవాడికి క్రమశిక్షణ లేదని వారి సిద్ధాంతం. కనుక నా మూతను నా తోకకు తగిలించి రాసేవారు. ఆ మూత దూదివలె తేలిక. ఇరవై రెండేళ్లు వారి వేళ్ల మధ్య నేనున్నానన్న సంగతే వారికి తెలియలేదు. పెన్నుకు అంతకు మించిన ప్రశంస లేదు.

పదవీ విరమణ నాడు శిష్యులు వారికి శాలువా కప్పి, నాకు వెండి మూత తొడిగారు. దానిపై వారి పేరు, మూడు డిగ్రీలతో సహా. మనుషులు దేనిని గౌరవించదలచినా దానిపై బరువు మోపుతారని ఆనాడు గ్రహించాను. నా పాత మూత ఆ సందడిలోనే ఎటో పోయింది. ఆపైన పదేళ్లు సంతకాలు తప్ప నాకు పని లేకపోవడంతో ఆ బరువు ఎవరికీ తెలియరాలేదు.

అప్పుడు వారి భార్య శారదాంబ కన్నుమూసింది. ఆమె పాడే ముప్పయి రెండు పెళ్లిపాటలు ఏ పుస్తకంలోనూ లేవు. అవి తెలిసినవారు ఇక ఆమె అక్క కనకమహాలక్ష్మమ్మగారు ఒక్కరే. ఆవిడ జ్ఞాపకమా, రోజురోజుకూ పలచబడుతోంది. ఆ పాటలను దక్కించుకోవాలని శాస్త్రిగారు ఆవిడను తమ ఇంటికి పిలిపించుకున్నారు.

ఆవిడ కళ్లు మూసుకుని పాడుతుంటే ఆ పాటలు సిరాలో కలిసి నాలోకి దిగేవి. నేనెన్నడూ చూడని పందిళ్లలో, పసుపునీళ్ల వాసనల మధ్య తిరిగేవాణ్ణి. కాని పది పంక్తులు దాటేసరికి తోకకు తగిలించిన వెండి మూత నన్ను వెనక్కు లాగేది. పాళీ కాగితం విడిచి లేవజూసేది. నన్ను అదిమి పట్టీ పట్టీ శాస్త్రిగారి బొటనవేలు కొయ్యబారేది. అక్షరం వంకర పోయేది. నొప్పి కంటె వంకర అక్షరం వారికి అవమానం. ఆ మాట వదినగారితో చెప్పుకోవడం అంతకంటె అవమానం. మిగిలినది రేపు చూద్దామని లేచిపోయేవారు.

“రేపటికి నేనుంటాలెండి మరిదిగారూ,” అనేవారావిడ తమలపాకు చుట్టుకుంటూ. “పాటుంటుందో ఉండదో.”

ఇలా నాలుగు నెలలు గడిచాయి. ముసలితనం వచ్చి తన చేతిలో కూర్చున్నదని శాస్త్రిగారు తీర్మానించుకున్నారు. మూతను అనుమానించడం వారికి తోచలేదు. దానిపై తమ పేరున్నది.

చివరకు తప్పును పాళీపైకి నెట్టి నన్ను చారి వద్దకు తీసుకుపోయారు. చారి పాళీ వంక చూడనైనా లేదు. వెనుకటి అలవాటుగా, తోకకు మూత తగిలించి నన్ను వేలిపై పడుకోబెట్టాడు. నేను వెనక్కు ఒరిగి అతని ఒడిలో పడ్డాను. ఒక నల్లని ముక్క వెదికి, కొత్త మూత చెక్కి తగిలించి, మళ్లీ పెట్టాడు. నిలిచాను.

“మీ చెయ్యి బానే ఉందండి మేష్టారూ. సన్మానం పెన్నుకి చేసేరు, మోత చేతికొచ్చింది. అంతేనండి.”

శాస్త్రిగారు ఇంటికి వచ్చి వదినగారికి జరిగినదంతా, ఒక్క కామా కూడా విడువకుండా, చెప్పారు.

“చెయ్యి నెప్పెడుతోందని చెప్పడానిక్కూడా ఇంగ్లీషు కావాలా మీకు?” అన్నారావిడ. వెండి మూతను అడిగి తీసుకుని అందులో సూదులు దాచుకున్నారు.

మూడు వారాలలో ముప్పయి ఒక్క పాటలు కాగితానికెక్కాయి. మిగిలినది అప్పగింతల పాట. శారదాంబకు అన్నిటికంటె ఇష్టమైనది. వదినగారు పాడడానికి కళ్లు మూసుకున్నారు. రాగం వచ్చింది. మాట రాలేదు.

“మాఘమాసందాకా నాకు వచ్చేదండీ ఇది,” అన్నారు మెల్లగా.

మాఘమాసం వెళ్లి మూడు నెలలయింది. శాస్త్రిగారు పాట పేరు రాసి, దాని కింద పేజీ అంతా ఖాళీ వదిలారు.

ఇప్పుడు నా నివాసం ఆ పేజీలోనే. ప్రతి ఉదయం వారు పుస్తకం తెరిచి, నన్ను వేళ్ల మధ్యకు తీసుకుని, ఆ రాగాన్నే సన్నగా తీస్తూ కూర్చుంటారు. పాళీ కాగితానికి తగలదు. నేను ఎంత తేలికగా ఉంటానంటే, నన్ను పట్టుకున్న సంగతే వారికి గుర్తుండదు.