కొమ్ముల్లేని పోతులు

ఈసారి పుట్టిన పదహారు మేకపిల్లల్లో ఆడవి నాలుగే. ఫారంలో అందరి కళ్లూ మా బాబాయి మీద పడ్డాయి. మేకల పాక తాళం ఆయన దగ్గరే ఉంటుంది మరి.

"ఆడవాటిని దాటించి, ఎక్కడివో పోతుపిల్లల్ని తెచ్చి కలుపుతున్నాడు మీ బాబాయి. సోమవారానికి తేలకపోతే ఇంటికి పంపేస్తా," అన్నాడు మేనేజరు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. మూడేళ్లూ సైకిలు మీద నన్ను కాలేజీలో దింపింది బాబాయే. అయినా అనుమానం నాకూ అంటుకుంది. ఈమధ్య పాకలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకుంటున్నాడు. ఎందుకని అడిగితే, "నీకెందుకే పిల్లా, నీ గాజు గొట్టాలు నువ్వు చూసుకో," అని తప్పించుకున్నాడు.

ఫారం ల్యాబులో పరీక్షలు చేసేది నేనే. పిల్లలు మా ఫారం మేకలకు పుట్టినవేనా అని జన్యువులు పోల్చి చూద్దామనుకున్నాను. బాబాయికి మాత్రం జబ్బు పరీక్ష అని చెప్పాను. ఆయన ఒక్కోదాన్నీ మెడ దగ్గర పట్టుకుంటే నేను రక్తం తీశాను.

పదహారూ మా మేకలకు పుట్టినవే. కానీ పోతులనుకున్న పన్నెండింటిలో నాలుగింటికి వై క్రోమోజోమే లేదు. గొట్టాలు తారుమారు చేశానేమోనని ఈసారి నన్ను నేనే అనుమానించుకున్నాను. మళ్లీ చేశాను. అదే ఫలితం. ఆ నాలుగూ ఆడవిగా పుట్టాల్సినవి. లెక్క సరిగ్గా ఎనిమిదీ ఎనిమిదీ. పుస్తకాలు తిరగేస్తే కారణం దొరికింది.

మేనేజరు ముందు కాగితాలు పెట్టాను. "పిండంలో రెండు సంకేతాలు పోటీ పడతాయండీ. ఒకటి వృషణాలు కట్టమంటుంది, ఇంకోటి అండాశయాలు కట్టమంటుంది. గెలిచింది రెండోదాని నోరు నొక్కేస్తుంది. వై ఉంటే మగ సంకేతానిది పైచేయి. ఇక్కడ వై లేదు. కానీ కొమ్ములు రానివ్వని జన్యుమార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వచ్చేసరికి ఆడ సంకేతం మూగబోయింది. అడ్డు లేక మగ సంకేతం లేచింది."

"అంటే?"

"కొమ్ముల్లేని పోతుకు కొమ్ముల్లేని మేకల్నే జత చేయకూడదు."

మేనేజరు తల దించుకున్నాడు. ఒకసారి కొమ్ము పోటు తిన్నాక, కొమ్ముల్లేనివాటినే ఏరి పెట్టింది ఆయనే.

పాక దగ్గరికి పరుగెత్తి బాబాయికి అంతా చెప్పాను.

"ఆ నాలుగేగా?" అని ఆయన వేలు పెట్టి చూపించాడు. సరిగ్గా అవే. "పోతులై ఉండీ ఆడవాటిలా వంగి ఉచ్చ పోస్తున్నాయే. ఎవరికైనా చెప్తే నవ్వుతారని గడియ పెట్టుకుని చూసుకుంటున్నా."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"జబ్బు పరీక్షన్నావు కదమ్మా," అన్నాడు.