పన్నెండూ ఇరవైకి చావు కబుర్లు

ఆ ఉదయం ఆకాశంలో ముగ్గురు సూర్యుళ్లు పొడిచారు. నడిమివాడు అసలువాడు. అటొకడూ ఇటొకడూ గాలిలోని మంచుపలుకుల్లోంచి పుట్టినవాళ్లు. ముగ్గురూ కలిసి వచ్చిన పూట పశువుల తొట్టిలో నీళ్లు అడుగుదాకా గడ్డకడతాయని టిల్మన్ బ్రెక్కెకి చిన్నప్పటినుంచీ తెలుసు. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకసారి చూశాడు. పికప్ ఇంజను వేడెక్కేదాకా ఆగి, పద్దెనిమిది మైళ్ల అవతలున్న లూండాల్‌కి బయల్దేరాడు.

దారిలో రేడియో పెట్టాడు. "వాతావరణం బ్రహ్మాండంగా ఉంది, కారు అద్దాలు దించండి, హాయిగా పాట వినండి" అంది కుర్రగొంతు. ఎక్కడో దక్షిణాన ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన గొంతు అది. బయట సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు కింద ఉంది.

లూండాల్ రేడియో స్టేషను పెద్దవీధిలో పెయింట్ల కొట్టుకి ఎదురుగా ఉంటుంది. టిల్మన్ తలుపు లాగాడు. తాళం. రెండుసార్లు తట్టాడు. విత్తనాల కంపెనీవాళ్లు ఊరికే ఇచ్చే చిన్న పుస్తకం చొక్కా జేబులోంచి తీసి, చేతితొడుగు పళ్లతో ఊడలాగి, రాశాడు: "జనవరి 26, బుధవారం. తొమ్మిదీ ఐదు. తాళం. తట్టాను. ఎవరూ పలకలేదు."

అలాంటి పంక్తులు అందులో ముప్ఫై ఏడు అయ్యాయి.

రోడ్డు దాటి పెయింట్ల కొట్టులోకి వెళ్లాడు. కౌంటరు వెనక వెర్నా అప్పటికే కాఫీ వొంపుతోంది.

"ఏం టిల్మన్, హాజరు వేయించుకున్నావా?"

"ఊఁ."

"ఇన్ని రోజులు నా గుమ్మం ముందు నిలబడి ఉంటే నేనైనా పెళ్లికి ఒప్పుకునేదాన్ని."

"నా పెళ్లాం ఒప్పుకోదు."

"ఆర్డిస్ ఎప్పుడో విసిగిపోయి ఉంటుంది. అడిగి చూడు."

టిల్మన్ కాఫీ తాగాడు. వెర్నా ఆ స్టేషనులో పంతొమ్మిదేళ్లు పనిచేసింది. మధ్యాహ్నం పన్నెండింటికి గోధుమ ధర, ఆ తర్వాత వాతావరణం, పన్నెండూ ఇరవైకి చావు కబుర్లు. ఎవరు పోయారు, వయసెంత, ఏ చర్చిలో, ఏ రోజు, ఎన్నింటికి. చుట్టుపక్కల నాలుగు జిల్లాల్లో ఆ ఐదు నిమిషాలూ చెంచా చప్పుడు వినపడేది కాదు.

ఒక కంపెనీ చేతిలో ఇన్ని స్టేషన్లకి మించి ఉండకూడదని ఒకప్పుడు కట్టుబాటు ఉండేది. తొమ్మిదేళ్ల కిందట వాషింగ్టన్‌లో ఆ కట్టు తెంపేశారు. ముసలి ఎస్పెలాండ్ తన స్టేషను అమ్ముకున్నాడు. చుట్టుపక్కల ఆరు స్టేషన్లలో ఐదు ఒకే కంపెనీ గుప్పిట్లోకి పోయాయి. పదకొండుమంది పనివాళ్లు ఒక్కొక్కరే ఇంటికి పోయారు. చివరికి వెర్నా మిగిలింది. మొన్న సెప్టెంబరు ఆఖరి వారంలో ఆమెనీ పంపేసి, తాళం వేసి, లోపల ఒక కంప్యూటరుని వదిలేశారు.

టిల్మన్ తమ్ముడు హెల్మర్ పోయింది ఆ వారమే.

ఆ ప్రాంతంలో భూస్థాపనకి రమ్మని ఎవరూ ఎవరికీ ఫోను చెయ్యరు. చేస్తే దేబిరించినట్టు. రేడియోలో వస్తుంది, వినేవాళ్లు వింటారు, వచ్చేవాళ్లు వస్తారు. శవపేటికల దుకాణంవాడు ఎప్పటిలాగే కాగితం రాసి స్టేషను తలుపుకున్న ఉత్తరాల సందులో వేశాడు. రెండొందలమందికి సరిపడా రొట్టెలు కోశారు చర్చి ఆడవాళ్లు. వచ్చింది ఇరవై ఇద్దరు. హెల్మర్‌తో నలభై ఏళ్లు కోతలు కోసినవాళ్లు ఆ పూట పొలాల్లో సోయా కోస్తూనే ఉన్నారు. తర్వాత ధాన్యం గోదాము దగ్గర టిల్మన్ ఎదురైతే టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

ఇప్పుడు చావు కబుర్లు అలవాటుకొద్దీ ఒక ప్రతి స్టేషను సందులో వేసి, ఇంకో ప్రతి వెర్నా కొట్టు కిటికీకి అంటిస్తున్నారు. ఊళ్లోకి రాలేని ముసలివాళ్లకి కిటికీ ఎందుకు పనికొస్తుంది?

కట్టు తెంపినవాళ్లు కూడా కొన్ని ముళ్లు మాత్రం విప్పలేదు. పనివేళల్లో స్టేషను తలుపు తీసి ఉండాలి. గాలిలో ఏమేం వినిపించారో చెప్పే ఫైలు ఒకటి, దారినపోయేవాడు అడిగినా చూపించాలి. ఎనిమిదేళ్లకోసారి లైసెన్సు కొత్తది చేయించుకోవాలి. ఈ ఏడు ఆ వంతు వచ్చింది. ఆ సంగతి చదివిన మర్నాటినుంచే టిల్మన్ తలుపు తడుతున్నాడు. పోయిన వారం పుస్తకంలో పేజీలన్నీ కాపీలు తీయించి, "ఇవి లైసెన్సు ఇచ్చే కమిషన్‌కి పంపబోతున్నాను" అని, హెల్మర్ సంగతితో సహా చేత్తో రాసి, ముందుగా కంపెనీకి ఒక ప్రతి పంపాడు.

పదకొండింటికి వెర్నా కిటికీలోంచి చూసి, "అదుగో, వచ్చాడు నీ పెళ్లికొడుకు. పల్చటి బూట్లు" అంది.

బూడిదరంగు కారులోంచి నలభై ఏళ్లవాడు ఒక అట్టపెట్టె ఎత్తుకుని దిగాడు. తాళం తీశాడు గానీ తలుపు తెరుచుకోలేదు. భుజంతో తోశాడు. రోడ్డు దాటి వచ్చిన టిల్మన్ వెనకనుంచి తనూ ఒక చెయ్యి వేశాడు. లోపల ఉత్తరాల సందు కింద కాగితాలు మోకాలెత్తున పడి ఉన్నాయి.

"బ్రెక్కె గారా? నేను గ్రెగ్ డన్లీవీని. ఈ ప్రాంతం మేనేజర్ని. మీ ఉత్తరం అందింది. మీ తమ్ముడుగారి విషయం... చాలా విచారం."

"ఫైలు చూడాలి."

"చూపిస్తాను. ముందు కూర్చుని మాట్లాడుకుందాం. హెల్మర్ గారి జ్ఞాపకంగా రోజంతా ఒక ప్రకటన వేయిస్తాను, ఐదు స్టేషన్లలోనూ. పైసా తీసుకోం."

"హెల్మర్‌ని పాతేసి నాలుగు నెలలైంది. వాడికేం వినపడదు. ఫైలు."

గ్రెగ్ అట్టపెట్టె బల్లమీద పెట్టాడు. టిల్మన్ కళ్లజోడు పెట్టుకుని మొదటి కాగితంనుంచి చదవడం మొదలుపెట్టాడు. విత్తనాల సంచీమీద రాసిందీ, ఎరువు సంచీమీద రాసిందీ ఆఖరి అక్షరందాకా చదివే మనిషి అతను. గంట కావస్తోంది. గ్రెగ్, కాళ్లు చలికి కొంకర్లు పోయి, గదిలో అటూ ఇటూ నడుస్తున్నాడు.

"ఊరికే అడుగుతాను, ఏమనుకోకండి," అన్నాడు. "ఈ రోజుల్లో చావు కబుర్లు ఎంతమంది వింటారంటారు?"

"అందరూ. తమ వంతు వచ్చేదాకా."

తర్వాత టిల్మన్ ఒక కాగితంమీద వేలు పెట్టి, దాన్ని గ్రెగ్ వైపు తిప్పాడు. అక్టోబరునుంచి డిసెంబరుదాకా స్టేషను ఊరికి చేసిన సేవల జాబితా అది. నాలుగో పంక్తి: చావు కబుర్లు, సోమవారంనుంచి శనివారందాకా, మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి, ఐదు నిమిషాలు. కింద కంపెనీ సంతకం.

"రేడియోలో చదివారా ఇవి?" అన్నాడు టిల్మన్.

గ్రెగ్ వంగి చూశాడు. మెడ దగ్గర ఎర్రబడ్డాడు. "ఆఫీసులో ఎవరో పాత కాగితం చూసి దించేశారు. పొరపాటు."

"ప్రభుత్వానికి చూపించే కాగితం."

"బ్రెక్కె గారూ, మీకేం కావాలో చెప్పండి."

"ఇందులో రాసింది చెయ్యండి."

"చేస్తే? మీ కాగితం పంపడం మానేస్తారా?"

"మానను. ఇవాళే పోస్టులో వేస్తా. మీరు ఇవాళ చదివితే, జనవరి ఇరవై ఆరునుంచి మళ్లీ చదువుతున్నారని అడుగున రాస్తా. చదవకపోతే అదీ రాస్తా."

"అయితే ఇందులో నాకొచ్చేదేంటి?"

"మళ్లీ జాబితా రాసేటప్పుడు అబద్ధం ఆడక్కర్లేదు మీరు."

గ్రెగ్ కిటికీ దగ్గరకి పోయి ఫోనులో ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. "కాదు సార్, ఎదురుగానే ఉన్నాడు... కాదు, అరవడం లేదు. అరిస్తే బాగుండేది" అన్నాడొకసారి. ఫోను పెట్టేశాక గోడ గడియారం చూశాడు. పన్నెండూ ఎనిమిది.

"కంప్యూటరుని ఆపి మైకు కలిపే మీట ఎక్కడుందో నాకు తెలీదు," అన్నాడు మెల్లగా.

టిల్మన్ వాకిట్లోకి వెళ్లి, రోడ్డుకి అడ్డంగా చెయ్యి ఊపాడు. వెర్నా చేతులకి నీలంరంగు పెయింటుతోనే పరిగెత్తుకొచ్చింది.

"పంతొమ్మిదేళ్ల ఉద్యోగం ఊడబెరికింది నువ్వేనా?" అంది గ్రెగ్‌ని చూసి. "పక్కకి జరుగు, నా కుర్చీ అది. రోజూ అయితేనే కూర్చుంటా. ఒక్కరోజు తమాషాకి నేను రాను."

"రోజూ," అన్నాడు గ్రెగ్. "కాగితంమీద రాసిస్తాను."

"రాసివ్వు. మీ రాతలు ఎలా ఉంటాయో ఇతను చదివి చెప్తాడు."

టిల్మన్ గుమ్మం దగ్గర మోకాళ్లమీద కూర్చుని కాగితాల కుప్ప తిరగేశాడు. పైనే ఉంది నిన్నటిది. ఇంగెబోర్గ్ లొక్కెన్, తొంభై ఒక్క ఏళ్లు. అది తీసి వెర్నాకి ఇచ్చాడు. కుప్ప అడుగున హెల్మర్ కాగితం దొరికింది, ఒక మూల తడిసి ఎండినట్టు ముడతపడి. వెర్నా అది చూసి చెయ్యి చాపింది.

"ఇదీ చదవనా టిల్మన్?"

"వద్దు. రమ్మనడానికి ఇప్పుడేం లేదు అక్కడ."

మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. పికప్‌లోకి వెళ్లి రేడియో పెట్టాడు. పాట మధ్యలో తెగింది. కుర్చీ కిర్రుమన్న చప్పుడు, గొంతు సవరించుకున్న చప్పుడు. "ఇంగెబోర్గ్ లొక్కెన్, తొంభై ఒకటి, మంగళవారం తన ఇంట్లోనే పోయింది. శుక్రవారం పదకొండింటికి బెథానీ లూథరన్ చర్చిలో" అని వెర్నా గొంతు చెప్పింది. పేరు రెండుసార్లు చెప్పింది, ఎప్పుడూ చెప్పేటట్టే. వీధిలో పోతున్న ఒక పాలలారీ నెమ్మదించి, రోడ్డు పక్కకి తీసి ఆగింది.

టిల్మన్ కమిషన్‌కి రాసిన కాగితం అడుగున ఒక పంక్తి చేర్చి, కవరు నాలికతో తడిపి అంటించి, పోస్టాఫీసులో ఇచ్చి ఇంటికి పోయాడు.

శుక్రవారం చర్చి బయట బళ్లు రోడ్డు పొడుగునా, మంచు తవ్విన మేరంతా నిలిపి ఉన్నాయి. మూడేళ్లుగా గడప దాటని ముసలాయన ఒకడు చక్రాల కుర్చీలో వచ్చాడు. పాటల పుస్తకాలు చాల్లేదు. పాస్టరు రెండుసార్లు ఆగి, వెనక నిలబడ్డవాళ్లని ముందుకి రమ్మన్నాడు.

సమాధి చేసి వచ్చాక అందరూ కింది గదిలోకి దిగారు. పొడుగు బల్లలు చాలక, పిల్లల బడి గదిలోంచి పొట్టి బల్లలు మోసుకొచ్చారు. పంది మాంసం పెట్టిన బన్నులు, పెద్ద పళ్లేల్లో బంగాళదుంపల కూర, ఊరబెట్టిన దోసకాయలు, నల్లటి కాఫీ. టిల్మనూ ఆర్డిసూ ఒక పొట్టి బల్ల దగ్గర మోకాళ్లు గడ్డందాకా వచ్చేలా ఇరుక్కుని కూర్చున్నారు. ఇంగెబోర్గ్ పెద్దకొడుకు తన పళ్లెం పట్టుకుని గదంతా చూశాడు, చివరికి వచ్చి వాళ్ల ఎదురుగా కూర్చున్నాడు. టిల్మన్ బన్నుల పళ్లెం అతని వైపు జరిపాడు. అతను ఒకటి తీసుకున్నాడు. ముగ్గురూ తలలు వంచుకుని తినడం మొదలుపెట్టారు.