మూడో టేపు

నందికొండలో డ్యాము కడుతున్న రోజుల్లో, స్టోరుకు కావలి ఉండే ఐలేశానికి నచ్చిన పాటగాడంటూ ఉండేవాడు కాదు. తనకు రాగం తీయడం రాదు, తాళం వేయడం రాదు. వంకలు పెట్టడంలో మాత్రం అతన్ని మించినవాడు లేడు. కాలనీలో ఎవరింట్లో గ్రామఫోను మోగినా ఆగి మరీ ఉమ్మేవాడు. స్టూడియోలో తలుపులేసుకుని, ఎదుట ఒక్క మనిషి లేకుండా, మూడు నిమిషాల్లో ముగించేది కూడా ఒక పాటేనా?

"గోడలకు పాడుతుండ్రు గాడిదలు," అనేవాడు.

అతని ప్రాణమంతా ఓవర్సీరు రామచంద్రయ్య టేపు రికార్డరులో ఉంది. ఒగ్గు కథ ఎక్కడ జరిగినా రామచంద్రయ్య ఆ పెట్టె మోసుకుపోయి, జీపు బ్యాటరీకి తగిలించి, జనం మధ్యలో పెట్టి పాటంతా పట్టుకొచ్చేవాడు. ఆదివారం మధ్యాహ్నం ఐలేశం ఆయన క్వార్టరు గడపలో కూచుని వినేవాడు.

మొదటి టేపులో డోలు బాగుంది, కథ చెప్పేవాడు ఉత్త సన్నాసి. రెండోదాంట్లో కథకుడు పరవాలేదు, వంత పాడేవాళ్లు నిద్రమొహాలు. మూడోది మాత్రం బంగారం. మర్రిగూడలో బీరప్ప దేవుడి పండుగకు, ఆ ఊరి కథకుడు బీరన్న చెప్పిన కథ అది. కథలో అక్క తమ్ముణ్ణి సాగనంపే చోట బీరన్న గొంతెత్తితే, గుంపులో ఆడవాళ్లు ముక్కులు చీదడం వినిపిస్తుంది. డోలు కొట్టేవాడు కూడా చెయ్యి ఆపి వింటాడు. అక్కడికి రాగానే ఐలేశానికి కళ్లు నిండేవి.

ఆ వెంటనే బీరన్న గొంతు జీరపోతుంది. గుంపులోంచి ఒకడు అరుస్తాడు: "గొంతు పాయె! ఇగ గొర్లు కాసుకోపో, ముసలోడా!" జనం పగలబడి నవ్వుతారు. మంగళం పాడకుండా కథ ఆపితే ఊరికి మంచిది కాదంటారు. అయినా బీరన్న ఆరోజు చేతిలోని ఒగ్గు డమరుకం మూటగట్టి లేచిపోయాడు. రెండేళ్లయింది, మళ్లీ ముట్టలేదు.

"వాని నోట్ల మన్నువడ! గసొంటోని నాలిక కోసి కాకులకెయ్యాలె," అని ఐలేశం ప్రతి ఆదివారం పళ్లు నూరేవాడు.

బీరన్న అతనికి అక్క మొగుడు. ఈ ఏడైనా పండుగకు కథ చెప్పమని ఎంత బతిమాలినా "నాతోని గాదు" అన్నాడు. బావ ఇక పాడకుండానే పోతాడేమోనని ఐలేశానికి నిజంగానే దిగులు పట్టుకుంది. చివరికి మర్రిగూడ నుంచి బస్సెక్కించి తీసుకొచ్చి, రామచంద్రయ్య చేత ఆ టేపు పెట్టించాడు.

బీరన్న తన పాట తాను వినడం అదే మొదటిసారి. తల వంచుకుని, మోకాలి మీద వేలితో తాళం వేస్తూ విన్నాడు. అరుపు రాగానే వేలు ఆగింది.

ఐలేశం ఎగిరి లేచాడు. "ఇన్నవా బావా? గీ కుక్క మొరిగిందని నువ్వు పాట ఇడిసిపెడ్తవా? వీడెవడో తెలిస్తే బొంద పెడ్త!"

బీరన్న తలెత్తాడు. "నీకు నిజంగనే తెల్వదా, ఐలేశం?"

"తెలిస్తే ఇడుస్తునా వాన్ని?"

"నువ్వే గద. కల్లు తాగి, డోలు పక్కన్నే నిలవడి మొత్తుకున్నవ్. బామ్మర్ది సరసమాడిండని ఎవ్వలు ఏమనలే."

రోజూ పదిమందిని తిట్టే నోటికి ఏ తిట్టని గుర్తుంటుంది? ఐలేశం రామచంద్రయ్య వైపు తిరిగాడు. "జర మీరన్న చెప్పుండ్రి సారూ. గీ కీచుగొంతు నాదా?"

రామచంద్రయ్యకు రెండేళ్లుగా తెలుసు. తన్ను తానే తిట్టుకుంటున్నవాడికి ఏమని చెప్పాలో తెలియక ఊరుకున్నాడు. ఇప్పుడు మాత్రం కొత్త టేపు ఎక్కించి, మైకు ఐలేశం ముందు పెట్టాడు.

"నాది గాదు," అన్నాడు ఐలేశం. "గసొంటి గొంతు నాది గానే గాదు."

రామచంద్రయ్య టేపు వెనక్కి తిప్పి వేశాడు. గుంపులోంచి అరిచిన ఆ కీచుగొంతే పెట్టెలోంచి పలికింది: "నాది గాదు. గసొంటి గొంతు నాది గానే గాదు."

బీరన్న లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"బస్సు యాళ్లయితాంది," అన్నాడు.