ఒకే మోత

ఆగస్టు రెండో శుక్రవారం, ఉరుసులో రౌతు జట్ల పోటీ రోజు, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. సముద్రం మీది గాలి మధ్యాహ్నమే పడిపోయింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. మొదటి పరుగుకు బరిలో లేచిన ధూళి లేచినచోటే నిలబడి ఉంది. జట్టు గుడారం వెనక నీడపట్టున ఖల్లూక్ గొంతుక్కూర్చుని, తన వంతుకొచ్చిన తుపాకిని మోకాళ్ల మధ్య నిలబెట్టి, దాని గొట్టంలోకి ఆలివు కడ్డీని మెల్లగా దించాడు.

కడ్డీకి ఒకచోట ఎర్రదారం చుట్టి ఉంది. గొట్టం ఖాళీగా ఉంటే దారం సరిగ్గా గొట్టం మూతి దగ్గర ఆగుతుంది. లోపల పేలని మందు మిగిలి ఉంటే నాలుగు వేళ్లు పైన నిలుస్తుంది. దారం మూతిని తాకింది. ఖల్లూక్ కడ్డీ తీసి, కొమ్ముతో కొలిచి మందు పోసి, దట్టించి, తుపాకిని గుడారపు గుంజకు ఆనించాడు. ఇక మీట నొక్కగానే మందుకు నిప్పంటించే చిన్న రాగి టోపీని పైన పెట్టుకోవడం రౌతు పని. గుర్రమెక్కాకే పెట్టుకోవాలి. అది దుక్కాలా నేలలో తాతలనాటి కట్టుబాటు.

అతను సన్నని మనిషి. గోళ్ల చుట్టూ మందు నలుపు. హమ్మాంలో వేణ్ణీళ్లతో ఎంత రుద్దించుకున్నా అది పోదు. అతను తుంచి ఇచ్చిన రొట్టె కూడా మందు వాసనే వేస్తుందని భార్య దెప్పుతుంటుంది. రౌతుల పేర్లు ఊరూరా తెలుసు, గుర్రాల పేర్లూ తెలుసు. మందు కూరేవాడి పేరు ఎవరూ అడగరు.

"ఏంటి బాబాయ్, తుపాకులకి పురుడు పోస్తున్నావా?" తిబారీ అనే రౌతు జీను పట్టెడ బిగిస్తూ అరిచాడు. "మందు పొయ్యమంటే ఒక్కోదానికీ నాడి చూస్తావేంటి?"

"నీ తలకాయ నీ మెడమీదే ఉండాలని చూస్తున్నాలే. నాకేం సరదానా?"

రౌతులు నవ్వారు. ఆ కడ్డీ ఎందుకు పుట్టిందో వాళ్లలో పడుచువాళ్లకు తెలియదు.

వరసగా దూసుకొచ్చిన రౌతులందరి తుపాకులూ ఒక్క తుపాకిలా పేలడమే ఈ విద్యకు పరాకాష్ఠ. మోత ఎంత ఒక్కటిగా వినిపిస్తే జట్టుకు అంత పేరు. అయితే మోత ఒక్కటైన కొద్దీ, వాటిలో ఒక తుపాకి పేలలేదన్న సంగతి ఎవరి చెవికీ అందదు. పేలని రౌతుకు అది తలవంపు, కాబట్టి నోరు విప్పడు. ఖల్లూక్ వాళ్లన్న, రౌతు జీలాలీ కూడా విప్పలేదు. ఆ రోజుల్లో ఇదే జట్టుకు మందు కూరేది వాళ్ల నాన్న. పేలని మందు మీద ఆయన మళ్లీ మందు పోశాడు. రెండో పరుగులో గొట్టం జీలాలీ చెంప పక్కనే చీలింది. ఆ సాయంత్రమే అతన్ని మట్టిలో పెట్టారు. నాన్న ఆ తర్వాత తుపాకి ముట్టుకోలేదు, ఎవరితోనూ సరిగా మాట్లాడనూ లేదు. తానూ రౌతైన ఖల్లూక్ గుర్రం దిగి, ఆలివు కొమ్మ నరికి, చెక్కి, నాన్న కూర్చునే చోట కూర్చున్నాడు. జుట్టంతా నెరిసినా ఆ చోటు వదలలేదు.

మొకద్దం హాజ్ బూఅజ్జా గుడారం చుట్టూ తిరిగి వచ్చాడు. జట్టుకు నాయకుడు, భారీ మనిషి, తెల్లటి అంగీ మడత నలగనివ్వడు. ఏటా ఆయన తుపాకిని కొడుకు మీలూద్ తెచ్చి ఇచ్చేవాడు. ఇవాళ తనే తెచ్చాడు.

"ఆ పుల్ల పక్కన పెట్టరా ఖల్లూకూ. అవతల పిలుస్తున్నారు."

"ఒక్క క్షణం హాజీ."

"ఆఖరి పరుగురా ఇది. ఇందులో గెలిస్తే వచ్చే ఏడు పగ్గాలు మీలూద్‌కి అప్పజెప్పి హాయిగా కూర్చుంటా. నీ తల్లి పాలే కదరా నేనూ తాగింది, నా మాట మీద ఆ మాత్రం నమ్మకం లేదా? మందు పొయ్యరా!"

ఒకే రొమ్ము తాగినవాళ్లు అన్నదమ్ముల కింద లెక్క. ఖల్లూక్ ఈ మనిషికి ఎన్నడూ ఎదురు చెప్పలేదు. కడ్డీని ఒళ్లో పెట్టుకుని మందు పోశాడు.

రౌతులు బరి అవతలి కొసకు సాగిపోయారు. ఖల్లూక్ మందు సంచీ మూతి కట్టి లేచాడు. మొకద్దం గుర్రం ఇంతసేపూ నిలబడిన చోట ధూళిలో ఏదో మెరిసింది. వంగి తీశాడు. రాగి టోపీ. పేలిన టోపీ నల్లబడి చిట్లిపోతుంది. ఇది చిట్లలేదు. పోనీ ఎవరి సంచీలోంచో జారిన కొత్తదనుకుందామంటే, దీని అంచు కొద్దిగా విచ్చుకుని ఉంది. అంటే ఒకసారి తుపాకికి ఎక్కింది. పేలకుండానే, ఎవరో గోటితో ఊడదీస్తే దిగింది.

బూఅజ్జా తనే తుపాకి తేవడం, కడ్డీ పక్కన పెట్టమనడం, ఈ వేసవి మొదలు టీ గ్లాసు ఎడమచేత్తోనే పట్టుకోవడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఆ కుడిచేతి వేలికి మీట నొక్కే బలం లేదు. మొదటి పరుగులో నొక్కలేకపోయాడు. ఆ పేలని మందు మీదే తను మళ్లీ పోశాడు. ఇప్పుడు నొక్కగలిగితే? ఆ గొట్టానికి జానెడు దూరంలో, పక్క గుర్రం మీద, మీలూద్ తల.

దూరాన రౌతులు వరస కట్టారు. బరిలోకి బయటిమనిషి అడుగు పెడితే పరుగులో ఉన్న జట్టు ఆ యేటికి ఓడినట్టే. ఖల్లూక్‌కు ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు. బరి చుట్టూ కట్టిన తాడు కింద నుంచి దూరి బరిలోకి నడిచాడు.

"ఎవడ్రా ఆ ముసలాడు? లాగండి బయటికి!" జనంలోంచి ఎవరో కేకేశారు.

గుర్రాలు కదిలాయి. ముందు నడక, తర్వాత దౌడు. భూమి అరికాళ్ల కింద అదురుతోంది. బూఅజ్జా రికాబుల మీద లేచి గొంతెత్తి జట్టుకు కేకేశాడు. తుపాకులన్నీ ఒక్కసారి భుజాలకెక్కాయి. ఖల్లూక్ ఆయన గుర్రానికి ఎదురుగా నిలబడి కడ్డీని రెండు చేతులతో అడ్డంగా ఎత్తిపట్టాడు. కళ్లు మూసుకోలేదు. కళ్లెం లాగిన చప్పుడు, గిట్టలు జారిన చప్పుడు, ఆ వెంటనే గుర్రపు నురగ వెచ్చగా అతని ముఖాన పడింది. వరస చెదిరింది. ఒక్క తుపాకీ పేలలేదు.

"పిచ్చి పట్టిందిరా నీకు! చచ్చేవాడివి!" బూఅజ్జా అరిచాడు.

"టోపీలు తీసెయ్యండి. అందరూ. ముందు టోపీలు తియ్యండి నాయనా."

ఆ గొంతు విని, తిబారీ కూడా మారుమాట లేకుండా తీశాడు. ఖల్లూక్ మొకద్దం తుపాకి అందుకుని, జనానికి వీపు తిప్పి, కడ్డీ దించాడు. మందు పోసిన గొట్టంలో దారం నాలుగు వేళ్లే పైకి ఉండాలి. ఎనిమిది వేళ్లు పైన నిలిచింది. అప్పటికే మీలూద్ గుర్రం దిగి అతని భుజం పక్కకు వచ్చాడు.

"ఇదేంటి బాబాయ్? రెండు మందులా? నాన్న తుపాకిలోనా?"

అందరూ విన్నారు. బూఅజ్జా ముఖం సున్నం కొట్టినట్టయింది. ఖల్లూక్ రాగి టోపీ ఉన్న పిడికిలిని బిగించాడు.

"నేనే. రెండుసార్లు పోశాను. చూపు ఆనడం లేదు, మరిచిపోతున్నాను కూడా."

ఎవరూ నవ్వలేదు. బూఅజ్జా ఎటో చూస్తూ, ఆ మాట విన్నాక మొకద్దమన్నవాడు అనక తప్పని మాట అన్నాడు.

"ఇక నువ్వు మా తుపాకులు ముట్టుకోవద్దు."

జట్టు ఓడిందని తీర్పరి చేతిలో జెండా కిందికి దిగింది.

గొట్టాల్లోకి నీళ్లు పోసి మందంతా కడిగేయడం మాత్రం ఖల్లూకే చేశాడు. ఆ పని ఇంకెవరికీ రాదు. చేతులు కడుక్కుని, గుర్రం పక్కన ఒంటరిగా నిలబడ్డ బూఅజ్జా దగ్గరికి వెళ్లి, ఆయన కుడి అరచేతిలో రాగి టోపీ పెట్టాడు. వేళ్లు ముడుచుకోలేదు. టోపీ జారి ధూళిలో పడింది.

"ఖల్లూకూ... నేనూ..."

"బండి వెళ్లిపోతోంది హాజీ."

ఊరి బండి అంచున, కాళ్లు వేలాడేసుకుని, బరి వైపు వీపు పెట్టి వెళ్లిపోయాడు. ఆ ఏడు, శీతాకాలపు వానలు మొదలవకముందే, నిద్రలో పోయాడు.

ఇది జరిగిన ఆరేళ్లకు అదే ఉరుసులో, మీలూద్ మొకద్దంగా ఉన్న జట్టు గెలిచింది. ఆఖరి పరుగుకు ముందు ప్రతి తుపాకినీ మీలూద్ తన చేత్తోనే కడ్డీ దించి పరీక్షించాడు. గుడారపు గుంజకు ఆనించి ఖల్లూక్ వదిలి వెళ్లిన కడ్డీ అది. ఎర్రదారం పాతబడితే కొత్తది చుట్టారు. ఆలివు కర్ర మాత్రం అదే, చెయ్యి పట్టేచోట నల్లగా, నున్నగా అరిగి.