ఎర్ర చుక్క ఉన్న చోట

బాగా మగ్గిన అరటిపండ్లు మూడు. తొక్క తీసి పెద్ద గిన్నెలో వేసి పిల్లల ముందు పెట్టాలి. గరిటె అక్కర్లేదు, చేత్తోనే మెదపనివ్వాలి.

ఇంతవరకు టైపు చేసి ఆమె ఆగిపోయింది. వేళ్ల సందుల్లోంచి గుజ్జు జారుతుంటే కిలకిలా నవ్వే పిల్ల ఎవరో కాదు, ఆమె కూతురే. ఎనిమిదేళ్ల ఆ పిల్ల ఇప్పుడు అరపూట బస్సు ప్రయాణమంత దూరంలో, నానమ్మ ఇంట్లో ఉంది. వారపత్రికలో 'సెలవుల్లో పిల్లలతో సులువైన వంటలు' శీర్షిక రాసే తల్లికి తన పిల్లతో వంట చేసుకునే తీరికే లేదు. ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతున్నారని చెప్పడం మానేసింది.

బడికి సెలవులు ఇవ్వగానే పిల్లను ఎక్కడ ఉంచాలన్న మాట వచ్చింది. తనకు సెలవు దొరకదన్నాడు భర్త. ఆమెకేమో ఏడాది మొత్తంలో పని ఎక్కువగా ఉండేది ఈ సెలవుల సంచికలప్పుడే. "మా అమ్మ దగ్గర వదిలేద్దాం, నీకూ కాస్త హాయి" అన్నాడు. ఆ హాయి ఎక్కడుందో ఆమెకు ఇంతవరకు అంతు చిక్కలేదు. ఇంట్లో ఒక చిన్న కంచం, ఒక చిన్న గ్లాసు కడిగే పని తప్పింది, అంతే. పని ముగించుకుని ఇంటికి వచ్చి తలుపు తీస్తే, కాళ్లకు చుట్టుకునేవాళ్లు లేక చెప్పులు విడవడానికి కూడా తొందర ఉండేది కాదు.

ప్రతి ఆదివారం వస్తానని పిల్లకు మాటిచ్చింది. మొదటి ఆదివారం వారం రోజుల బట్టలు పేరుకుపోయాయి. రెండో ఆదివారం భర్త మేనత్త వచ్చింది. మూడో ఆదివారం భర్తకు జలుబు చేసింది. ఆయనకు జలుబు చేసిందంటే ఇల్లంతా మంచం పట్టినట్టే. నాలుగో ఆదివారం ఏం అడ్డొచ్చిందో ఆమెకే గుర్తు లేదు. "వచ్చే ఆదివారం తప్పకుండా" అని ఫోన్‌లో చెప్పినప్పుడల్లా "సరే అమ్మా" అనేది పిల్ల. మారాం చేసినా బాగుండేది.

ఆ పేజీకి ఒక పద్ధతి ఉంది. పొయ్యి వెలిగించడం, కత్తితో తరగడం లాంటి పనుల పక్కన ఎర్ర చుక్క వేస్తారు. 'చుక్క ఉన్న పని పెద్దలు చేయాలి' అని కింద ఆమె రాసి ఇచ్చింది. పేజీ చూసే ఇన్‌చార్జి 'పెద్దలు' కొట్టేసి 'అమ్మ' అని పెట్టాడు. "చదివేది అమ్మలే కదండీ, అలా ఉంటే దగ్గరగా ఉంటుంది" అన్నాడు. నాన్నలు ముట్టుకుంటే పొయ్యి వెలగదా అని నోటిదాకా వచ్చినా మింగేసింది. అలా మింగినవి పత్రికలో వేస్తే ఏడాదికి సరిపడా సంచికలు వస్తాయి.

ఫొటోల కోసం ఫొటోగ్రాఫర్ తన మేనకోడలిని తీసుకొచ్చాడు. ఆ పిల్లకు ఏప్రన్ కడుతూ జడ పక్కకు తీసినప్పుడు, మెడ దగ్గర ఎండలో ఆడిన పిల్లల వాసన వచ్చింది. ఆమె ముడి వేయడం ఆపి కాసేపు అలాగే ఉండిపోయింది. ఆమె కళ్లు చూసి "ఉల్లిపాయలు తరిగారా" అన్నాడు ఫొటోగ్రాఫర్. అరటిపండు కేకులో ఉల్లిపాయలేమిటని ఆ పిల్ల నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

శుక్రవారం పొద్దున భర్త ఆఫీసుకు బయలుదేరుతూ, ఆదివారం భోజనానికి తన ఆఫీసు వాళ్లను ఆరుగురిని పిలిచానన్నాడు. "పెద్ద హడావిడి వద్దు. నీ పేజీలో వేసేవే ఏవో నాలుగు చెయ్యి, సులువైనవేగా." సెలవుల్లో మిగిలింది ఆ ఒక్క ఆదివారమే. సోమవారం సాయంత్రం మరిది పిల్లను తెచ్చి దింపుతాడు, బుధవారం బడి. ఆమె అతని తడి తువ్వాలు ఆరేసింది.

ఆ సాయంత్రం అత్తగారు ఫోన్ చేసింది. ఫ్రిజ్‌లో మంచినీళ్ల సీసా పెట్టుకోవడానికి కూడా చోటు లేదని మొదలుపెట్టింది. "నీ కూతురు వారం వారం నీ పేజీ చూసి ఏదో ఒకటి కలపడం, సగంలో ఆపి డబ్బాలో పెట్టడం. రెండో వారానిది నల్లబడితే పారేస్తానన్నాను, ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. పోనీ నేను కాలుస్తానే అంటే ఒప్పుకోదమ్మాయ్. అందులో నానమ్మ అని లేదట."

ఫోన్ పిల్ల చేతికి వెళ్లింది.

"చుక్క దాకా అన్నీ నేనే చేశానమ్మా. బిస్కెట్ల పిండి రాయిలా అయింది కానీ బాగానే ఉంది. బఠానీలు కూడా వలిచాను. చుక్క ఉన్నవి నీ వంతు. నువ్వే రాశావుగా, అమ్మ చేయాలని."

అది నేను రాసింది కాదని చెప్పబోయి, ఆమె చెప్పలేకపోయింది. నాలుగు ఆదివారాలు నాలుగు డబ్బాల్లో మూతలు పెట్టుకుని తన కోసం ఎదురు చూస్తున్నాయి. మారాం చేయని పిల్ల చేసిన మారాం అది. ఫోన్ పెట్టేశాక ఆమె స్నానాల గదిలో కుళాయి తిప్పి, బకెట్ నిండి పొర్లేదాకా ఏడ్చింది.

ఆదివారం పొద్దున భర్త లేచేసరికి ఆమె జడ వేసుకుని, చేతిసంచి తగిలించుకుని ఉంది. బల్ల మీద నాలుగు వారాల పేజీలు వరుసగా పరిచి ఉన్నాయి.

"ఎక్కడికి?" అన్నాడు.

"పిల్ల దగ్గరికి. రేపు ఇద్దరం కలిసే వస్తాం, మీ తమ్ముణ్ణి శ్రమపడొద్దని చెప్పాను."

"మరి వాళ్లు ఆరుగురు వస్తున్నారుగా. వంట?"

ఆమె పేజీల వైపు చూపించింది. కావలసినవన్నీ ఇంట్లో ఉన్నాయంది.

"నేనా? నాకేం చేతనవును?"

"ఎనిమిదేళ్ల పిల్ల చుక్క దాకా ఒక్కతే చేసిందండీ" అంటూ ఆమె చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

అతను పేజీ చేతిలోకి తీసుకున్నాడు. కింద 'అమ్మ' అన్న మాట మీద పెన్నుతో అడ్డంగా గీత ఉంది. దాని పైన ఆమె దస్తూరీలో రాసి ఉంది, 'పెద్దలు'.