తొలికడవ నీరు

గ్రీష్మప్రచండమార్తాండకిరణసంతప్తమై నేల నెఱ్ఱెలు వాఱి చెఱువులెల్ల నడుగంటి ఎఱ్ఱమిట్ట గ్రామమునకు ఊరివెలుపలి మెట్లబావి యొక్కటియే ప్రాణాధారమై యున్న యా దినములలో, ఉప్పుమూటలు మోయు నెద్దులతో దేశదేశములు తిరుగు బిడారుజనులు వచ్చి యా బావిచెంత విడిసిరి. అంతలో గ్రామమున విషజ్వరము పొడసూపెను. బిడారువారు వేకువనే తొలికడవ నీరు మంత్రించి నేలఁ బోయుదురనియు నదియే జ్వరమునకు మూలమనియు ఊరెల్లఁ గోడై కూసెను. వారితో నొక్కమాటయైన నాడినవాఁ డా యూర లేఁడు.

గ్రామాధిపతియగు ఓబళయ్య యేకపుత్రిక గంగమాంబ జ్వరపీడితయై కన్ను దెఱవకుండెను. బావిదారికి ముండ్లకంప కొట్టించి బిడారును వెడలఁగొట్టుఁడని పెద్దలు పట్టుపట్టఁగా, కన్నులారఁ గాంచి యాజ్ఞ యిచ్చెదనని యతఁడు తెల్లవాఱుచుండ బావికిఁ బోయెను. నీరు లేనిచో నెద్దులు త్రోవలోనే కూలుననియు వానితో బిడారు నశించుననియు నతఁ డెఱుఁగును. ఎఱింగియు జాలిపడఁడయ్యెను.

బిడారుపెద్దయగు రూపాబాయి యను వృద్ధ కడవ ముంచి పెదవులు గదల్చుచు నీటిని నేలఁ బోయుట చూచినంతనే యతని నెత్తురు సలసలఁ గ్రాఁగెను. ఒక్క యంగలో దుమికి యామె మణికట్టు పట్టి "ఏ మంత్రము చదివితివి? నా బిడ్డను జంపుటకా?" యని గర్జించెను.

"మంత్రము గాదు సామీ, పేరు. నా మనుమరాలు ఝమ్కి. నిరుడు త్రోవలో దప్పికతోఁ బోయినది. త్రోవఁ బోయినవారికిఁ దొలికడవ పోయక మేము గొంతు తడుపుకొనము."

"ఎంతటి పిల్ల?" యని యతఁడు తలంపకయే యడిగెను.

"అప్పుడప్పుడే యెద్దుపైఁ గూర్చుండ నేర్చినది. తమ బిడ్డకు ఒడ లెట్లున్నది?"

పెద్దలందఱును ముండ్లకంపమాట యడిగిరి గాని యీ మాట యొక్కఁడును నడిగి యుండలేదు. పట్టిన చేయి తానై సడలెను.

ఇంతలో ముండ్లకంపమోపులతోఁ బెద్దలు రాఁగా ఓబళయ్య దారి కడ్డముగా నిలిచెను.

"వీరి మాట నమ్మి కన్నకూఁతును బలిపెట్టెదరా?" యని కరణము వీరరాఘవయ్య కేకవైచెను.

"కంప కొట్టఁదలఁచినవాఁడు ముందుగా ఆ ముసలమ్మతో మాటలాడి రావలెను. పిమ్మటఁ గొట్టుఁడు."

ఎవ్వఁడును ముందునకు గదలఁడయ్యెను. ఎవ్వఁడును మోపు దింపఁడయ్యెను. కడపటి యెద్దు నీరు ద్రావువఱకు ఓబళయ్య యచ్చోటనే నిలిచి యుండెను.

నాఁటి సాయంకాలమునకు గంగమాంబ జ్వరము తగ్గలేదు సరిగదా మఱింత హెచ్చెను. నిన్నటివఱకు ఆ తండ్రికిఁ దిట్టుకొనుట కొక జనమైన నుండెను. నేఁడు బిడ్డ యొక్కతియే మిగిలెను. ద్వేష మెంత సులభమో యప్పుడు తెలిసి, ఎవ్వరిని నిందింపవలెనో తోఁపక, ఆమె నుదుటఁ దడిగుడ్డ మార్చుచు నతఁడు వెక్కి వెక్కి యేడ్చెను.