తలలో బియ్యం కడిగే చప్పుడు

తనతో తీసుకుపోవడానికి కాకపోతే, చనిపోయిన అత్తగారు ఆయన తలలో బియ్యమెందుకు కడుగుతుంది? కినుయో ఆ ఆలోచనను తోసేసి ఆస్పత్రి మంచం మీదున్న భర్త మొరిహికో దుప్పటి సర్దింది.

మొరిహికో మెదడులో గడ్డ ఉంది. అది దారి మూసేయడంతో లోపల నీరు నిలిచిపోయింది. ఆ నీటిని కడుపులోకి దించడానికి డాక్టర్లు చర్మం కింద సన్నని గొట్టం వేశారు. ఎంత దిగాలో చూసుకునే మీట చెవి వెనక ఉంది. ఆపరేషనయ్యాక ఆయన మళ్ళీ మనిషయ్యాడు. ఇంటికొచ్చి, మిసో చారు చప్పగా ఉందని వంక కూడా పెట్టాడు. తర్వాత ఒక పొద్దున, "అమ్మ బియ్యం కడుగుతోందే. కడుగు నీళ్ళన్నీ ఒక్కసారే పారబోసింది," అన్నాడు. మాట అక్కడే ముద్దయిపోయింది.

"నీరు మరీ త్వరగా దిగిపోయిందమ్మా. చుట్టూ ఒత్తిడి తగ్గేసరికి గడ్డలో రక్తం కారింది," అన్నాడు డాక్టర్ కుజి, ఆయన్ని మళ్ళీ ఆస్పత్రిలో చేర్చాక. "మీట వదులైపోయి ఉంది. మేం దాన్ని బయటనుంచే అయస్కాంతంతో తిప్పుతాం. ఇంట్లో అలాంటిదేమైనా తలకి దగ్గరగా వచ్చిందా?"

"మా ఇంట్లో అయస్కాంతాలెందుకుంటాయండీ?"

మీట సరిచేశారు. కానీ ఆస్పత్రి దిండు మీద ఆయనకు నిద్ర పట్టలేదు. అందుకే ఇవాళ ఆమె ఇంటి దిండు తెచ్చింది. మెడనొప్పికి మంచిదని ఆడపడుచు ఎప్పుడో ఇచ్చిన దిండు.

తల ఆనించగానే ఆయన ముఖం తేటపడింది. కాసేపటికి నవ్వాడు.

"విన్నావా? మళ్ళీ మొదలెట్టింది."

"ఎవరండీ?"

"మా అమ్మే. నీలా బద్ధకంగానా? ఎంత గబగబా కడుగుతోందో చూడు."

గింజలు గిన్నెకు రాసుకునే గరగర కినుయోకూ వినిపించినట్టే ఉంది. వినాలని వంగింది. ముడిలోంచి తలపిన్ను జారింది. నేల మీద పడలేదు. దిండు అంచుకు అంటుకుని, నిలువుగా నిలబడి వణికింది.

గలేబు కింద వేలు పోనిచ్చింది. గుండ్రటి గట్టి బిళ్ళలు, వరసగా, ఆయన చెవి వెనక దాకా. ఆడపడుచు అప్పుడే చెప్పింది, లోపల అయస్కాంతాలున్నాయని. దిండును దిండనే అనుకుంటారు గానీ, అయస్కాంతమని ఎవరనుకుంటారు! రోజూ ఎండలో వేసి, దులిపి, ఆయన తల కింద పెట్టింది తనే. ఆ మాట ఇప్పుడు డాక్టరు ముందు ఏ నోటితో చెప్పడం?

"తియ్యకే," అన్నాడాయన కళ్ళు మూసుకునే. "అమ్మకింకా... అవలేదు." చివరి మాట నాలుకకు అడ్డం పడింది.

అరచేత్తో ఆయన తల ఎత్తి దిండు లాగేసింది. దాన్ని గుమ్మం దాకా విసిరి, నర్సును పిలిచే బొత్తాం నొక్కింది.